రేపటిని వేలం వేసిన ఊరు

ముందే చెప్పేస్తున్నాను, మా అనకాపల్లిలో నా మాటకి పెద్ద విలువ లేదు. వాన పడుతోందని నేనంటే మా ఆయన గుమ్మంలోకి వెళ్లి, అరచెయ్యి చాపి చూసుకుని గానీ గొడుగు తియ్యడు. కాబట్టి ఈ ప్రయాణంలో నేను కల్పించినవి ఎక్కడున్నాయో మీరే పట్టుకోండి. మీ శ్రమ తగ్గించడానికి ఒక్క సాయం చేస్తాను: ఉన్నవన్నీ మొదటి సగంలోనే ఉన్నాయి.

సలోమి ఫోనుతో మొదలైంది ఇదంతా. ట్రైనింగ్ కాలేజీ హాస్టల్లో మేమిద్దరం ఒకే గది. ఇప్పుడు తను గుంటూరుకి పడమటి దిక్కున, మిరప పండించే ఒక పల్లెలో టీచరు.

"ఏమే రత్నం, నీకు అబద్ధాలు ఇంకా వస్తన్నాయా?" అంది.

"తగ్గలేదు. ఏటి సంగతి?"

"మా చర్చిలో కోత పండుగ. ఈసారి కుర్రాళ్లని కూడా ఏదో ఒక పంట తెమ్మన్నాడు పాస్టరుగారు. ఇరవై ఏళ్లకి ఈ ఊరు ఎట్టా ఉండాలో చెప్పండి, అదే మీ పంట అన్నాడు. ఒక్కడూ నోరు విప్పడు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం అలవాటైపోయింది వెధవలకి. నువ్వొచ్చి లేనిది చెప్పడం నేర్పించి పో."

"నేర్పిస్తాను. తర్వాత?"

"తర్వాత దాన్ని ఉన్నదిగా చేసుకోవడం వాళ్ల తంటా."

యాభై ఏళ్లలో నా విద్యకి వచ్చిన మొదటి పిలుపు ఇది. ఒక బెల్లం దిమ్మ సంచిలో వేసుకుని రైలెక్కాను.

తాడేపల్లి: ఇడ్లీకి ఎర్రబొట్టు

విజయవాడలో దిగి, ఆటోలో కృష్ణ దాటుతుంటే బ్యారేజీ మీద డ్రైవరు వేగం తగ్గించాడు. "దణ్ణం పెట్టుకుంటారేమోనని" అన్నాడు. మా శారదా నదిని మేమింత మర్యాదగా ఎప్పుడూ చూడలేదు. సిగ్గుపడి పెట్టుకున్నాను.

తాడేపల్లిలో రేకుల కింద ఒక పెద్దావిడ ఇడ్లీలు వేస్తోంది. ప్లేటు ముప్పై రూపాయలు. అడగకుండానే నాలుగింటి మీదా కారప్పొడి చల్లి, నెయ్యి చుక్క వేసి చేతికిచ్చింది. మా వైపు కారం పిలిస్తే వచ్చే చుట్టం. ఇక్కడ ఇంట్లో మనిషి. ఎంత వేసుకున్నా కారానికి డబ్బు లేదు, మంచినీళ్ల సీసా మాత్రం ఇరవై. వ్యాపారం కిటుకు ఎక్కడుందో రెండో ముక్కకి తెలిసింది.

"ఎవురూరమ్మా?" అంది ఆవిడ.

"అనకాపల్లి."

"బెల్లం ఊరా!"

అంత చక్కటి సందు దొరికితే నేను ఊరుకుంటానా. "మా మార్కెట్లో చీమలు ఎంత లావుంటాయంటే, కూలీలు రాని రోజున దిమ్మలు లారీలకెత్తేది అవే" అన్నాను.

ఆవిడ ఇడ్లీ పాత్ర మీంచి తల ఎత్తలేదు. "వాటికి రోజుకూలా, దిమ్మకింతనా?" అని అడిగింది.

గబగబా ప్లేటు ఖాళీ చేసి డబ్బులిచ్చాను. ఈ జిల్లాలో ఒళ్లు దగ్గర పెట్టుకుని మాట్లాడాలనుకుంటూ బస్సెక్కాను.

తుళ్లూరు: బొమ్మలో టీకొట్టు

బస్సు మారడానికి తుళ్లూరులో దిగాను. మా వైపు పొలాన్ని పంటతో చెబుతాం. చెరుకు చేను, వరి చేను, జీడితోట. ఇక్కడ గజాలతో చెబుతున్నారు. బస్టాండు ఎదురుగా టీకొట్లో కూర్చున్న అయిదుగురిలో నలుగురు గజాల్లో మాట్లాడుతుంటే అయిదో ఆయన వేళ్ల మీద ఏదో గుణించుకుంటున్నాడు.

కొట్టు నడిపే కుర్రాడికి పాతికేళ్లుంటాయి. పేరు శ్రీకాంత్. అతని వెనక గోడకి, ప్లాస్టిక్ కాగితం తొడిగిన ఒక బొమ్మ. ఇక్కడ రాబోయే నగరం బొమ్మ. అద్దాల మేడలు, బారులు తీరిన చెట్లు, నున్నటి దారులు.

"స్కూల్లో ఉన్నప్పుడు పేపరుతో పాటు వచ్చిందండి. అప్పట్నించీ దాన్ని చూస్తానే పెరిగా" అన్నాడు.

"ఏం చూసేవాడివి?"

"నేనెక్కడున్నానా అని."

దగ్గరికి వెళ్లి చూశాను. బొమ్మలో బోలెడంత మంది జనం. అందరూ ఎక్కడికో నడిచిపోతున్నారు. కోట్లూ సంచులూ ఉన్నాయి గానీ ఒక్కరికీ మొహం లేదు.

"అంత ఊళ్లో ఒక్కడూ టీ తాగట్లేదు చూశారా?" అన్నాడు శ్రీకాంత్. "అది నాకు నచ్చలేదు."

కుడివైపు కింద మూల, ఒక చెట్టు నీడలో, నీలం బాల్‌పెన్నుతో గీసిన చిన్న కొట్టు కనిపించింది. కొట్లో ఒక మనిషి. గీత వంకరే గానీ ఆ మనిషికి కళ్లూ ముక్కూ మీసమూ అన్నీ ఉన్నాయి.

బెంచీ మీది పెద్దాయన గ్లాసు దించి, "ఒరేయ్, అది రోడ్డు మార్జినురా, కొట్టేస్తారు!" అన్నాడు.

"కొట్టేయడానికి వచ్చినోళ్లకి ఫస్టు టీ ఫ్రీ బాబాయ్" అన్నాడు వాడు.

అందరం నవ్వాం. టీ పది రూపాయలు. బస్సు కదిలాక కూడా నా కళ్ల ముందు ఆ నీలం గీతలే ఉన్నాయి. పెద్దవాళ్లం పిల్లలకి రేపటిని బొమ్మ గీసి చేతికిస్తాం, చూసి సంతోషించమంటాం. పెన్ను మాత్రం మన జేబులోనే పెట్టుకుంటాం. ఈ కుర్రాడు ఎవరినీ పెన్ను అడగలేదు.

కళ్లం: తుమ్ములతో స్వాగతం

ఊరి పేరు రాయను. రాస్తే సలోమి ఊరుకోదు. ఊరు రాకముందే తుమ్ములొచ్చాయి. బస్సులో మొదటి తుమ్ము నాదే. కండక్టరు టికెట్టు కూడా చూడకుండా, "కొత్తోళ్లు దిగే ఊరొచ్చింది" అని విజిలేశాడు.

అంత ఎరుపు నేను ఎప్పుడూ చూడలేదు. పిడుగురాళ్ల వైపు నుంచి వచ్చే లారీలు రోడ్డంతా తెల్లటి సున్నపు దుమ్ము చల్లుకుంటూ పోతుంటే, రోడ్డు దిగితే చాలు, పత్తి పీకేసిన నల్లనేల మధ్య ఎకరాల మేర ఎండుతున్న మిరపకాయలు. ఆ కళ్లాల మీదుగా ఎగిరే కాకులు ఒక రెక్కతో ముక్కు మూసుకుని, రెండో రెక్కతోనే ఎగరడం నేను నా కళ్లారా చూశాను. (చెప్పాను కదా, ఇది మొదటి సగం.)

కాయల మధ్య ఆడవాళ్లు బారుగా కూర్చుని ఉన్నారు, ముక్కుకి అడ్డంగా కొంగులు కట్టుకుని. ఎర్రకాయ ఒక పక్కకి, రంగు పోయి తెల్లబారిన తాలుకాయ ఒక పక్కకి. కాయ ఎండాలంటే ఎండ కావాలి. మనిషికి నీడ కావాలి. ఇద్దరికీ ఒకటే చోటు కాబట్టి కాయ మాటే నెగ్గుతుంది.

నన్ను చూపించడానికి సలోమి ఒకమ్మాయిని పిలిచింది. కెజియా. డిగ్రీ మొన్ననే పూర్తయింది, అప్పట్నించీ తల్లి పక్కన కాయలేరుతోంది. తల్లి మరియమ్మ సన్నగా, నిటారుగా ఉంటుంది. నన్ను పైనుంచి కిందికి చూసి, "కథలు చెప్పే ఆవిడంటే నువ్వేనా అక్కా?" అంది. అందులో మర్యాద ఎంతుందో, అనుమానం ఎంతుందో పోల్చుకోలేకపోయాను.

చేతులూరుకోక నేనూ కూర్చుని ఏరాను. గంట గడవకుండానే వేళ్లు భగభగమన్నాయి. చెంప తుడుచుకున్నాను, చెంపా అంటుకుంది. కుండలో నీళ్ల కోసం లేచేసరికి మరియమ్మ కేకేసింది.

"నీళ్లు పోసుకోమాకక్కా! మంట ఒళ్లంతా పాకుద్ది!"

తన అన్నం క్యారేజీలోంచి మజ్జిగ తీసి నా చేతుల మీద పోసింది. తను మధ్యాహ్నం తాగాల్సిన మజ్జిగ అదని నాకు తర్వాత తెలిసింది.

"మరి మీకు మండదా?"

"మండుద్ది. నువ్వు అరిచినావు, మేం అరవం. అంతే తేడా" అంది. బారంతా నవ్వింది.

కాసేపటికి నాకు ఇంకో అవసరం పడింది. ఎక్కడికి వెళ్లాలని పక్కావిణ్ణి మెల్లిగా అడిగితే, ఆవిడ ఇంకో ఆవిడ వైపు చూసింది, ఆవిడ మరో ఆవిడ వైపు. చివరికి మరియమ్మే చెప్పింది. "పత్తి ఎత్తుగా ఉన్నన్నాళ్లూ పత్తి చేలోకి పోతాం. ఇప్పుడు పత్తి పీకేశారు."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు నీళ్లు తాగం."

కుండ నిండుగా ఉండటం నేను అప్పుడు గమనించాను.

లేనిది చెప్పే బడి

సాయంత్రం చర్చిలో చాపల మీద కుర్రాళ్లు, అమ్మాయిలు కూర్చున్నారు. ఒక పక్క పాస్టరుగారు, ఒక పక్క సలోమి. నేను చీమల కథతో మొదలుపెట్టి కాకుల కథకి వచ్చాను. నవ్వారు. నవ్విన నోళ్లు మూతపడకముందే అడిగాను.

"ఇప్పుడు మీరు. ఇరవై ఏళ్లు గడిచాయి. పొద్దున్నే లేచి వీధిలోకొచ్చారు. ఏం కనిపించింది?"

"ఫ్లైఓవరండీ" అన్నాడు రవి అనే కుర్రాడు. ట్రాక్టరు నడుపుతాడు.

"ఎక్కడినించి ఎక్కడికి?"

"మా ఇంటికాణ్ణించి..." ఆగాడు. "ఎక్కడికో అక్కడికి."

"అదెక్కి ఎక్కడికి పోతావురా?" అన్నారెవరో వెనకనుంచి.

"బర్రెకి గడ్డి తేవడానికి!" అన్నాడింకొకడు. చర్చి కప్పు లేచిపోయింది.

తర్వాత మాల్ వచ్చింది, మెట్రో వచ్చింది, విమానాశ్రయం వచ్చింది. టీవీలో ఉన్నవన్నీ వరసగా వచ్చాయి. తుళ్లూరు బొమ్మలోలాగే ఎవరి రేపట్లోనూ ఎవరూ లేరు.

"ఇవి అబద్ధాలు కావు, అరువులు" అన్నాను. "నేను ఇన్నేళ్లుగా చేస్తున్న పని గురించి ఒక్కటే చెబుతాను. కథలో చెప్పేవాడు లేకపోతే ఎవరూ నమ్మరు. కాకి ఒంటి రెక్కతో ఎగిరిందని చెబితే చాలదు, నేను అక్కడ నిలబడి తుమ్ముతూ చూశానని చెప్పాలి. అందులో మీరు నిలబడి చెప్పండి."

అబ్బాయిలు ఒకర్నొకరు మోచేత్తో పొడుచుకున్నారు. అప్పుడు కెజియా, చున్నీ తల మీదికి లాక్కుంటూ, నేలచూపులు చూస్తూ అంది.

"కళ్లంలో ఉన్నాను. పొద్దున తొమ్మిదవతా ఉంది. మా అమ్మ అప్పుడే మూడోసారి మంచినీళ్లు తాగుతా ఉంది."

అమ్మాయిల వైపు ఒక్కసారిగా చప్పుడు ఆగిపోయింది. అబ్బాయిలకి అందలేదు.

"అదేంది కెజియా, ఇప్పుడు మాత్రం తాగట్లేదా?" అన్నాడు రవి.

"తాగితే ఎక్కడికి పోవాల్రా?"

రవి వాళ్లమ్మా అదే బారులో కూర్చుంటుంది.

ఆ తర్వాత కెజియాకి మాట తడుముకోవాల్సిన పని రాలేదు. కళ్లాల పక్కన ఒక రేకుల పాక. కింద కూర్చోడానికి అరుగు. కుళాయి. పసిపిల్లలకి ఉయ్యాల కట్టుకునే దూలం. వెనక ఆడవాళ్లకి మరుగుదొడ్డి, దానికి తలుపు. "లోపల్నించి గడియ ఉండాలి" అని రెండుసార్లు చెప్పింది.

ఫ్లైఓవర్లు కట్టినవాళ్లకి ఇది మరీ చిన్నదిగా తోచినట్టుంది. "ఇరవై ఏళ్లకి దొడ్డా?" అని గొణిగాడొకడు. నాకూ మొదట అలాగే అనిపించింది. పొద్దున్న కళ్లంలో నా అవస్థ గుర్తొచ్చాక అనిపించలేదు.

పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు. ఆయనకి అరవై దాటాయి, మాట నిదానం. "దీనికి ఇరవై ఏళ్లు ఎందుకమ్మా? మన చర్చికి శ్లాబు వేసినప్పుడు దించిన పాత రేకులు వెనకాల పడున్నాయి. రాటలూ ఉన్నాయి. కళ్లాలని ఆనుకున్న మూల మన జాగానే. లేనివి చేతులే."

"చేతులెవరిస్తారు?" అంది సలోమి.

"పండుగ నాడు వేలంలో పెడదాం" అన్నారాయన. "రూపాయలొద్దు. పని రోజులు పాడమందాం."

మరియమ్మ వచ్చింది

మర్నాడు పొద్దున్నే, పనికి పోయే ముందు, మరియమ్మ సలోమి ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడింది.

"పిల్లని చెడగొట్టమాకక్కా" అంది నాతో.

హైదరాబాదులో మందుల కంపెనీలో ప్యాకింగు పని చూసింది కూతురికి. తన చెల్లెలి ఇంట్లో ఉండొచ్చు. సోమవారం బయల్దేరాలి. రాత్రి కెజియా పోనని మొండికేసింది. చివరికి ఇద్దరూ ఒక మాట అనుకున్నారట. పండుగలో ఊరు చేతులిచ్చి పాట తెగితే కెజియా ఉండి ఆ పాక కట్టించుకోవచ్చు. తెగకపోతే మారు మాట్లాడకుండా బస్సెక్కాలి.

"మరింకేం. పాట తెగుతుందేమో" అన్నాను.

"తెగదు."

"ఎలా తెలుసు?"

"ఇది కాయ దిగే కాలం. మేమందరం యాకోబు మేస్త్రి ముఠా. ఆయన ఆటో పంపితేనే మాకు పని. ఫలానా రోజు నేను రానని ఆయన ముందు గట్టిగా పాడే మొగోడెవరు? ఆయన చర్చిలో ముందు వరసలోనే కూర్చుంటాడు."

"అది తెలిసే పందెం కట్టావా?"

మరియమ్మ వీధి వైపు చూసింది. దూరంగా ఆటో హారన్ వినిపిస్తోంది. "నేను పదిహేనో ఏట కూర్చున్నా ఈ కాయల్లో" అంది. "నా బిడ్డ ఇక్కడ నీడ కట్టడానికి ఉంటే, రేపు ఆ నీడలో కూర్చుని అదే కాయలేరుద్ది. నాకు నీడొద్దు. అది ఇక్కణ్ణించి పోతే చాలు."

ఆవిడ ఆటో వైపు వెళ్లిపోయింది. రేపటిని ఊహించుకోండర్రా అని పిల్లలకి చెప్పడం సులువే. చెప్పి బస్సెక్కి పోయేవాళ్లకి ఏం పోతుంది? ఆ ఊహకి వెల కట్టాల్సింది మరియమ్మలాంటి వాళ్లు. ఆవిడ అప్పటికే ఒక రేపటిని ఊహించుకుని, టికెట్టు కూడా అనుకుని పెట్టుకుంది. కూతురు ఇంకో రేపటిని తెచ్చి గుమ్మంలో నిలబెట్టింది. తప్పెవరిదని అడిగితే ఇప్పటికీ చెప్పలేను.

ఆ మధ్యాహ్నం సలోమి పండుమిరప పచ్చడితో అన్నం పెట్టింది. మా వైపైతే ఇందులో చిన్న బెల్లం ముక్క పడేది. ఆ మాటంటే సలోమి, "మీరు కష్టాన్ని కూడా పాకం పట్టే తింటారే" అంది. నేను ఇంకో ముద్ద కలుపుకున్నాను.

కోత పండుగ

ఆదివారం చర్చి ముందుభాగమంతా సంతలా ఉంది. ఎవరి పంట వాళ్లు తెచ్చి పెట్టారు. మిరపకాయల బుట్టలు, పత్తి మూట, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు, నా బెల్లం దిమ్మ. ఎడమ చాపల మీద ఆడవాళ్లు తలల మీద కొంగులతో, కుడి చాపల మీద మగవాళ్లు. ఆరాధన కాగానే వేలం.

పాడించేది ఏలియా తాత. ఒకప్పుడు ఎడ్ల సంతల్లో బేరాలు కుదిర్చినవాడు. భుజాన తువ్వాలు, గొంతులో ఇంకా సంత. గుమ్మడికాయ ఎత్తి, "ఒకటోసారి... రెండోసారి..." అని సాగదీసి, "మూడోసారి!" అనగానే పాట తెగినట్టు. పాడుకున్నవాడు దాన్ని మళ్లీ దేవుడికే ఇచ్చేస్తాడు, మళ్లీ పాట. ఒకే గుమ్మడికాయ అలా నలుగురు యజమానుల్ని చూసింది. ఈగని తోలడానికి చెయ్యెత్తిన పాపానికి నేనూ కాసేపు ఒక కోడిపుంజుకి యజమానినయ్యాను. నా బెల్లం దిమ్మని ఎవరితోనూ పోటీ పడకుండా మంచి ధరకి పాడుకున్నది యాకోబు మేస్త్రే. ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన మనిషి. "మా ఆవిడకి తీపి ఇష్టమండీ" అని నాతో అన్నాడు.

చివర కెజియా లేచి నిలబడింది. పాక గురించి చెప్పింది. గడియ గురించీ చెప్పింది, అందరి ముందూ.

"ఇదీ మన పిల్ల తెచ్చిన పంట" అన్నాడు ఏలియా తాత. "డబ్బొద్దు. ఎన్ని రోజులు పని చేస్తారో పాడండి. చెప్పండయ్యా."

ఫ్యాన్ల చప్పుడు. కోడిపుంజు ఒకసారి కూసింది. మగవాళ్లు చాపల అల్లిక చూసుకుంటున్నారు. రవి చెయ్యి సగం ఎత్తి, ముందు వరస వైపు చూసి దించేశాడు. యాకోబు మేస్త్రి ఏమీ అనలేదు. అనాల్సిన పని లేదు.

కెజియా అలాగే నిలబడి ఉంది. నేను మరియమ్మని చూశాను. గెలిచిన మనిషి మొహంలా లేదు అది.

ఏలియా తాత తువ్వాలు తీసి దులిపాడు. కుడిచేతి మీద కప్పుకున్నాడు. మగవాళ్ల వైపు పెద్దవాళ్లు నలుగురు తలలెత్తారు. వాళ్లకి అర్థమైంది. నాకు సలోమి చెవిలో చెప్పింది. సంతలో ఎడ్ల బేరం నోటితో చెయ్యరట. తువ్వాలు కింద చేతులు కలుపుతారు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత బేరం. ఎవరెంత అన్నారో పక్కవాడికి తెలియదు, బేరగాడు చచ్చినా చెప్పడు.

"వేలుకి ఒక రోజు" అన్నాడు తాత. "ప్రతి ఒక్కడూ చెయ్యి పెట్టాల్సిందే. ఇవ్వనోడు ఊరికే పెట్టి తీసెయ్యండి."

వరసల వెంట నడిచాడు. తువ్వాలు కింద చేతులు దూరుతున్నాయి, వస్తున్నాయి. మొహాల్లో ఏమీ లేదు. రవి చెయ్యి కాస్త ఎక్కువసేపు ఉంది. యాకోబు మేస్త్రి దగ్గరా తాత ఆగాడు. ఆయనా చెయ్యి పెట్టాడు. అక్కడ ఏం జరిగిందో తాత కనుబొమ్మల్ని బట్టి పట్టుకుందామని చూశాను. ఎడ్ల సంతలో ముదిరిన కనుబొమ్మలవి, కదల్లేదు.

ముందుకొచ్చి తాత కళ్లు మూసుకుని లెక్క కట్టుకున్నాడు. "రాటలు నిలబడతాయి" అన్నాడు. "కప్పు వెయ్యడానికి రోజులు చాలవు."

తువ్వాలు మళ్లీ భుజాన వేసుకోబోయాడు.

"తాతా, ఇటు?" అంది కెజియా.

"ఇటంటే?"

"ఆడవాళ్ల వైపు."

తాత నవ్వాడు. "ఓసి పిచ్చిపిల్లా, తువ్వాలు కింద ఆడమనిషి చెయ్యి ఎక్కడన్నా పెట్టిందంటే?"

మగవాళ్లూ నవ్వారు. ఇందాకటి మౌనం తర్వాత నవ్వడానికి ఏదో ఒకటి దొరికినందుకు కాస్త గట్టిగానే నవ్వారు. కెజియా నవ్వలేదు. తల మీది చున్నీ తీసింది. చర్చిలో తల మీద గుడ్డ లేకుండా నిలబడింది. ఆడవాళ్లలో ఎవరో నాలిక కరుచుకున్నారు. అందరూ పాస్టరుగారి వైపు చూశారు.

ఆయన కొత్త శ్లాబు వైపు చూస్తూ, "ఆరాధన అయిపోయిందమ్మా. ఇది వేలమే" అన్నారు.

కెజియా చున్నీని కుడిచేతి మీద కప్పుకుని మొదటి చాప దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది. ఆ చాప మీది ముసలావిడ ఈ చేతిని చూసి, తన చేతిని చూసుకుని, చీరకి రెండుసార్లు తుడుచుకుని లోపల పెట్టింది. తర్వాత పక్కావిడ. తర్వాత రవి వాళ్లమ్మ. ఎంత పట్టుకోవాలో తెలియక ఒకావిడ అయిదు వేళ్లూ పట్టేసుకుంటే, పక్కావిడ, "ఏమే, నీ మొగుడికి అన్నమెవరు వండుతారు?" అంది. "వాడే వండుకుంటాడు!" అంది ఆవిడ. నవ్వు మొదటిసారి ఇటు వైపు నుంచి వచ్చింది. నా దగ్గరికీ వచ్చింది చున్నీ. నేనూ పెట్టాను. ఎన్ని వేళ్లో చెప్పకూడదు.

అప్పటికే కప్పుకి సరిపడా వేళ్లు పడ్డాయని కెజియా మొహం చూస్తే తెలుస్తోంది. చివరి చాప మరియమ్మది.

కెజియా చెయ్యి చాపింది. మరియమ్మ చేతులు ఒళ్లోనే ఉన్నాయి. కూతురు చెయ్యి దించలేదు. కాసేపటికి మరియమ్మ కుడిచెయ్యి చున్నీ కిందికి వెళ్లింది.

అందరం చూస్తున్నాం. గుడ్డ కదలడం లేదు.

"ఏందమ్మాయ్, మీ అమ్మ బేరం తెగేట్టు లేదే" అన్నాడు ఏలియా తాత. "ఎన్ని వేళ్లు?"

"వేళ్లు చెప్పట్లేదు తాతా" అంది కెజియా. "చెయ్యి వదలట్లేదు."

మగవాళ్ల వైపు ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. ఆడవాళ్ల వైపు ఎవరూ నవ్వలేదు.

"అట్టా అయితే పాట ఎట్టా కొట్టను?" అన్నాడు తాత. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తొందర పెడదామనుకున్నట్టున్నాడు, గొంతెత్తాడు. "పాక... ఒకటోసారి."

ఎవరూ కదల్లేదు.

"రెండోసారి."

అక్కడ ఆగాడు. తల్లీకూతుళ్ల వైపు చూస్తూ నోరు తెరిచాడు గానీ మాట రానివ్వలేదు.

మరియమ్మ తలెత్తింది. చెయ్యి చున్నీ కిందే ఉంది. కూతురి వైపు చూడలేదు, తాత వైపు చూడలేదు. మగవాళ్ల వైపు ముందు వరసలో ఇస్త్రీ చొక్కాతో కూర్చున్న యాకోబు మేస్త్రి మొహంలోకి సూటిగా చూస్తూ, చర్చి అంతా వినపడేలా అంది:

"మూడోసారి."